ఆంగ్లాభిమాని: ఒక మాట, ఒక ముద్ర

గత నెల మా బంధువుల ఇంట జరిగిన వలీమా విందులో ఒక చిన్న సంఘటన చూశాను. భర్తను కోల్పోయిన ఒక పెద్దావిడ తన చేతిసంచిలోంచి మడతలు పడిన కాగితమొకటి తీసి, "కాస్త చదివి చెప్పు బేటీ" అంటూ పక్కన కూర్చున్న అమ్మాయి చేతిలో పెట్టింది. అది పింఛను విషయమై ఒక కార్యాలయం ఇంగ్లీషులో పంపిన లేఖ. గడువులోగా ఫలానా ధ్రువపత్రం దాఖలు చేయకపోతే దరఖాస్తును తిరస్కరిస్తామని అందులో ఉంది. గడువుకు మిగిలింది నాలుగు రోజులు. ఆ కాగితాన్ని ఆవిడ మూడు వారాలుగా సంచిలో మోస్తున్నది. మైనారిటీ గురుకులంలో ఇంగ్లీషు మాధ్యమంలో చదువుకుంటున్న ఆ అమ్మాయి లేఖను మొదట పైకి చదివింది. తరువాత ఉర్దూలో విడమరిచి చెప్పింది. అక్కడే ఒక తెల్లకాగితం తెప్పించి జవాబు కూడా ఇంగ్లీషులో రాసి ఇచ్చింది. ఇదంతా చూస్తున్న ఒక పెద్దమనిషి నవ్వుతూ అన్నాడు: "అరే, యే తో మేమ్‌సాబ్ బన్ గయీ!" చుట్టూ ఉన్నవారు కూడా నవ్వారు. ఆ అమ్మాయి తల దించుకుంది.

ఆయన మాటలో ద్వేషం ఉందని నేననను. అయినా ఇంటికి వచ్చాక కూడా ఆ మాట నన్ను వదలలేదు. ఒక భాష నేర్చుకున్నంత మాత్రాన మనిషి మనసు ఆ భాష మాట్లాడేవారికి అమ్ముడుపోయినట్లేనా? ఇదే కొలతతో ఈ దేశంలో మనల్ని ప్రతిరోజూ కొలుస్తున్నారు. రైలులో ఉర్దూ పత్రిక తెరిస్తే అనుమానపు చూపు. అరబ్బీ అక్షరాలున్న తుగ్రాను గోడకు తగిలిస్తే ప్రశ్న. "నీ మనసు ఎక్కడుంది?" అని ఇతరులు అడిగినప్పుడు బాధపడే మనమే అదే ప్రశ్నను మన ఆడపిల్లను అడుగుతున్నాము. అందుకే ఈ నెల ఒక మాటను తీసుకుని, దాని పుట్టుపూర్వోత్తరాలను పరిశీలించదలిచాను. ఆ మాట 'ఆంగ్లోఫైల్'. తెలుగులో ఆంగ్లాభిమాని అనవచ్చు.

ఈ పదంలో రెండు భాగాలున్నాయి. మొదటిది 'ఆంగ్లో'. నేటి జర్మనీ ఉత్తర కొసన ఆంగెల్న్ అనే ప్రాంతముంది. అక్కడి నుండి సముద్రం దాటి బ్రిటన్‌కు వలస వెళ్ళిన తెగవారు ఆంగిల్స్. వారి పేరు మీదనే ఆ దేశం ఇంగ్లండ్ అయింది, భాష ఇంగ్లీషు అయింది. మన 'ఆంగ్లం', 'ఆంగ్లేయులు' అన్న మాటలకూ మూలం అదే. అంటే ఆంగ్లేయుడు కూడా తన పేరును పరాయి గడ్డ నుండి తెచ్చుకున్నవాడే. రెండవది 'ఫైల్'. గ్రీకు భాషలో 'ఫిలోస్' అంటే ప్రియమైనవాడు, మిత్రుడు. ఈ మాట మనకు కొత్తదేమీ కాదు. మన మదర్సాలలో శతాబ్దాలుగా చదువుతూ వచ్చిన 'ఫల్సఫా'లో ఉన్నది ఇదే ఫిలోస్. జ్ఞానాన్ని ప్రేమించడం అన్న అర్థంలో గ్రీకులు కూర్చుకున్న పదాన్ని అరబ్బు పండితులు తమదిగా చేసుకున్నారు. వారిని ఎవరూ గ్రీకు దాసులనలేదు.

కాబట్టి వ్యుత్పత్తి ప్రకారం ఆంగ్లోఫైల్ అంటే ఇంగ్లండ్‌కు మిత్రుడు. ఆ దేశపు భాష, సాహిత్యం, ఆచారాలు, సంస్థలంటే ఇష్టపడేవాడు. బానిస అన్న అర్థం గానీ, అనుకర్త అన్న అర్థం గానీ అందులో లేదు. ఈ పదం ఇంగ్లీషులో అచ్చయిన తొలి సందర్భాలలో ఒకటి 1864 నాటిది. చార్లెస్ డికెన్స్ నడిపిన వారపత్రికలో ఒక ఫ్రెంచి పత్రికను వర్ణిస్తూ దీనిని వాడారు. ఆసక్తికరమైన విషయమేమంటే, దీనికి వ్యతిరేక పదం ఇంతకంటే ముందే పుట్టింది. ఇంగ్లండ్ పట్ల భయద్వేషాలను తెలిపే 'ఆంగ్లోఫోబియా' అన్న మాటను అమెరికా నాయకుడు థామస్ జెఫర్సన్ 1793లోనే తన లేఖలో వాడాడు. ద్వేషానికి పేరు పెట్టిన ఏడు దశాబ్దాలకు గానీ అభిమానానికి పేరు దొరకలేదు. ఈ రెంటికీ మధ్య మూడవ మాట ఒకటుంది: 'ఆంగ్లోమేనియా', అంటే ఆంగ్ల పిచ్చి. ఇది పద్దెనిమిదవ శతాబ్దపు ఫ్రాన్సులో పుట్టింది. ఇంగ్లీషు తోటలు, ఇంగ్లీషు గుర్రప్పందాలు, ఇంగ్లీషు దుస్తులంటూ వెర్రెత్తిన పారిస్ కులీనులను వెక్కిరించడానికి అక్కడి రచయితలే దీనిని ప్రచారంలోకి తెచ్చారు.

ఆ ఫ్రెంచి ఆంగ్లాభిమానులకు ఆద్యుడు వోల్టేర్. ఒక ప్రభువుతో తగాదా కారణంగా బాస్తీ చెరసాలకు వెళ్ళి, 1726లో ఇంగ్లండ్‌కు ప్రవాసం పోయాడు. అక్కడ తాను చూసినదానిని లేఖల రూపంలో పుస్తకంగా రాశాడు. 1734లో పారిస్ న్యాయస్థానం ఆ పుస్తకాన్ని తగలబెట్టించింది. అంత కోపం తెప్పించిన విషయమేమిటి? లండన్ వ్యాపార కూడలిని వర్ణిస్తూ, అక్కడ యూదుడు, ముస్లిం, క్రైస్తవుడు ఒకే మతంవారన్నట్లుగా కలిసి లావాదేవీలు జరుపుకుంటారని రాశాడు. ఒకే మతం పెత్తనం చేసే దేశంలో నియంతృత్వం వస్తుందని, అనేక మతాలున్న చోట శాంతి సాధ్యమని వాదించాడు. మైనారిటీ హక్కుల కోసం పనిచేసేవారు ఈ సంగతి గుర్తుంచుకోదగినది. ఆంగ్లాభిమానం మొదట మొలకెత్తినది మత సహనం పట్ల ఆకర్షణతోనే. తన దేశంలో లేని న్యాయం మరో దేశంలో కనబడితే దానిని మెచ్చుకోవడం దేశద్రోహం కాదు. తన దేశం కూడా అలా ఉండాలన్న ఆరాటమది.

అయితే అభిమానికి కళ్ళు మూసుకుపోయే ప్రమాదమూ ఉంది. వోల్టేర్ మెచ్చుకున్న అదే ఇంగ్లండ్‌లో కేథలిక్కులు పార్లమెంటులో కూర్చునే హక్కు కోసం 1829 దాకా, యూదులు 1858 దాకా ఎదురుచూడవలసి వచ్చింది. బజారులో సమానత్వం, శాసనసభలో వివక్ష. ఈ పరిస్థితి మనకు తెలియనిది కాదు.

ఇక మన వైపు వద్దాం. ఇంగ్లీషువారు వచ్చేనాటికే మన భాషలలో వారికి పేర్లు సిద్ధంగా ఉన్నాయి. 'ఫిరంగీ' అన్న మాట శిలువ యుద్ధాలనాటి ఫ్రాంకుల పేరు నుండి అరబ్బీ, పారశీల మీదుగా ఉర్దూకు చేరింది. ఉర్దూలో ఫిరంగీ అంటే ఐరోపావాడు. తెలుగులో ఫిరంగి అంటే తోపు. ఆ మనిషి మనకు మొదట ఏ రూపంలో పరిచయమయ్యాడో ఈ అర్థభేదమే చెబుతుంది. 'అంగ్రేజ్' పోర్చుగీసువారి ద్వారా వచ్చింది. 'విలాయత్' మాత్రం మన సొంతం. అరబ్బీలో విలాయత్ అంటే పాలిత ప్రాంతం, రాజ్యం. హిందుస్తానీలో అది క్రమంగా ఇంగ్లండ్‌కు పేరయింది. ఇక్కడ ఒక విచిత్రం జరిగింది. భారతదేశంలో కొలువు చేసిన ఇంగ్లీషు సైనికులు 'విలాయతీ' అన్న మాటను తమ నాలుకకు తగ్గట్టు 'బ్లైటీ'గా మార్చుకుని, ఇంటి మీద బెంగ కలిగినప్పుడు తమ స్వదేశాన్ని ఆ పేరుతోనే తలచుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధపు కందకాలలో ఇంగ్లీషు సిపాయి నోట మాతృభూమికి మారుపేరు ఒక అరబ్బీ పదం! అందుకని వాడు అరబ్బు అయిపోయాడా?

మన దేశంలో ఆంగ్లాభిమానానికి చెడ్డపేరు రావడానికి బలమైన కారణమే ఉంది. 1780లో వారన్ హేస్టింగ్స్ కాలంలో కలకత్తా మదర్సాను నెలకొల్పిన కంపెనీ ప్రభుత్వమే, 1835 నాటికి అరబ్బీ, సంస్కృత విద్యల మీద ఖర్చు వృథా అన్న వాదానికి తలవంచింది. రక్తంలోనూ రంగులోనూ భారతీయులై, అభిరుచులలోనూ ఆలోచనలలోనూ ఇంగ్లీషువారైన ఒక వర్గాన్ని తయారుచేయాలని ఆ ఏడాది ఫిబ్రవరిలో మెకాలే తన నివేదికలో రాశాడు. రెండేళ్ళకే పారశీ అధికార భాషగా తొలగింది. తరతరాలుగా దాని మీద బతికిన మునిషీలు, వకీళ్ళు, కచేరీ ఉద్యోగులు ఉపాధి కోల్పోయారు. ఆ దెబ్బ తిన్న సమాజం ఇంగ్లీషును జ్ఞానభాషగా కాక విజేత భాషగా చూడటంలో ఆశ్చర్యం లేదు. 'మెకాలే మానసపుత్రులు' అన్న నింద తెలుగునాట ఈనాటికీ వినిపిస్తూనే ఉంది.

అదే కాలపు గాయాల మధ్య నిలబడి సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ ఒక దారి ఎంచుకున్నారు. 1864లో సైంటిఫిక్ సొసైటీ పెట్టి ఇంగ్లీషు గ్రంథాలను ఉర్దూలోకి అనువదింపజేశారు. 1875లో అలీగఢ్‌లో విద్యాసంస్థను ప్రారంభించారు. ఆయనను 'నేచరీ' అన్నారు, కాఫిర్ అన్నారు, ఆంగ్లేయుల తొత్తు అన్నారు. ఆయన వైపు తప్పు లేదని చెప్పలేము. 1869లో లండన్ నుండి రాసిన లేఖలలో ఇంగ్లీషువారితో పోల్చి స్వదేశీయులను కించపరిచిన వాక్యాలు ఈనాడు చదివినా మనసు చివుక్కుమంటుంది. కానీ ఆయన ఆ ప్రయాణం చేసిన కారణాలలో ఒకటి, విలియం మ్యూర్ ప్రవక్త జీవితం మీద రాసిన గ్రంథానికి జవాబివ్వడం. అందుకు కావలసిన ఆధారాలను లండన్ గ్రంథాలయాలలో వెదికి, 1870లో అక్కడే ఇంగ్లీషులో జవాబు అచ్చు వేయించారు. అంతకు ముందు 1859లోనే తిరుగుబాటుకు కారణాలు పాలకుల తప్పులేనని వారి ముఖం మీదే రాశారు. మిత్రుడన్నవాడు చేసే పని ఇదే. గుడ్డి భక్తునికి ఇది చేతకాదు.

ఆయనను కవితలలో ఎగతాళి చేసిన అక్బర్ ఇలాహాబాదీ కథ కూడా గమనించదగినది. కోటు, బూటు, కాలేజీ చదువుల మీద ఆయన విసిరిన చెణుకులు ఉర్దూ వచ్చిన ప్రతి ఇంటిలోనూ నేటికీ నిలిచి ఉన్నాయి. అదే అక్బర్ ఇంగ్లీషు ప్రభుత్వంలో సెషన్స్ జడ్జి. ఖాన్ బహదూర్ బిరుదు పొందినవారు. కుమారుణ్ణి పైచదువులకు ఇంగ్లండ్ పంపారు. దీనిని కపటమని కొట్టిపారేయనక్కరలేదు. ఆ తరం ఒక చేత్తో అందుకుంటూ మరో చేత్తో ఆపుకోవలసిన ఇరుకులో బతికింది. మన తరం కూడా అంతకంటే విశాలమైన చోటేమీ లేదు.

తరువాతి తరం ఆ ఇరుకును దాటింది. మౌలానా ముహమ్మద్ అలీ జౌహర్ ఆక్స్‌ఫర్డ్‌లో చదివారు. 1911లో కలకత్తా నుండి 'కామ్రేడ్' అనే ఇంగ్లీషు వారపత్రిక పెట్టారు. ఆయన ఇంగ్లీషు శైలిని ఇంగ్లీషు అధికారులే ఇష్టంగా చదివేవారు. 1914లో టర్కీ విషయమై లండన్ టైమ్స్ రాసిన వ్యాసానికి అదే శీర్షికతో, అదే భాషలో జవాబు రాసినందుకు ప్రభుత్వం ఆ పత్రిక ధరావతును జప్తు చేసింది. మరుసటి ఏడాది ఆయనను నిర్బంధంలో పెట్టింది. 1920లో అలీగఢ్‌లో జామియా మిల్లియా పునాదులు వేసినవారిలో ఆయన ఒకరు. భాష మీద ప్రేమ, పాలన మీద ధిక్కారం ఒకే గుండెలో ఇమడగలవని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

స్త్రీల విషయానికి వస్తే, బెంగాలుకు చెందిన రుఖయ్యా సఖావత్ హుసేన్‌ను తలచుకోవాలి. ఆడపిల్లలకు ఇంగ్లీషు నేర్పని ఇంట్లో పుట్టి, రాత్రివేళ అందరూ నిద్రపోయాక అన్న దగ్గర ఆ భాష నేర్చుకున్నారు. ఆమె ఇంగ్లీషులో రాసిన 'సుల్తానాస్ డ్రీమ్' కథ 1905లో మన మద్రాసు నుండి వెలువడే ఇండియన్ లేడీస్ మ్యాగజైన్‌లోనే అచ్చయింది. 1911లో కలకత్తాలో ముస్లిం బాలికల కోసం ఆమె నడిపిన పాఠశాల ఎనిమిది మంది పిల్లలతో మొదలైంది. ఆ రాత్రులలో ఎవరైనా ఆమెను "మేమ్‌సాబ్" అని వెక్కిరించి దీపం ఆర్పి ఉంటే ఆ పాఠశాల ఉండేది కాదు.

ఆంగ్లాభిమానం ఎక్కడ దారి తప్పుతుందో తెలుసుకోవాలంటే లండన్ సమీపాన ఉన్న బ్రూక్‌వుడ్ శ్మశానవాటికకు వెళ్ళాలి. దివ్యఖుర్ఆన్‌ను ఇంగ్లీషులోకి అనువదించిన ఇద్దరు ప్రసిద్ధులు అక్కడే ఖననమై ఉన్నారు. ఒకరు మార్మడ్యూక్ పిక్థాల్. క్రైస్తవ మతగురువు కుమారుడు. 1917లో ఇస్లాం స్వీకారాన్ని బహిరంగంగా ప్రకటించారు. 1925లో మన హైదరాబాద్ వచ్చి చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలకు ప్రధానాచార్యులయ్యారు. 'ఇస్లామిక్ కల్చర్' పత్రికకు సంపాదకత్వం వహించారు. నిజాం ఇచ్చిన తోడ్పాటుతో పూర్తి చేసిన అనువాదాన్ని 1930లో వెలువరించారు. ఆయన ఇంగ్లీషువాడిగానే పుట్టి, ఇంగ్లీషువాడిగానే మాట్లాడుతూ, ఖిలాఫత్ ఉద్యమాన్ని సమర్థించారు.

రెండవవారు అబ్దుల్లా యూసుఫ్ అలీ. 1872లో జన్మించి, కేంబ్రిడ్జిలో చదివి, ఐసీఎస్ అధికారి అయ్యారు. సామ్రాజ్యం పట్ల ఆయనకున్న విశ్వాసం అచంచలమైనది. మొదటి ప్రపంచ యుద్ధంలో భారత ముస్లిం సమాజంలో అధిక భాగం తుర్కీ కోసం తల్లడిల్లుతుంటే ఆయన బ్రిటన్ తరఫున ప్రచారం చేశారు. 1930లలో లాహోరు నుండి వెలువడిన ఆయన ఖుర్ఆన్ అనువాదం, వ్యాఖ్యానం ఈనాడు ప్రపంచమంతటా లక్షల ఇళ్ళలో ఉంది. తాను జీవితమంతా ప్రేమించిన లండన్ నగరంలో, 1953 డిసెంబరు చలిలో, ఒక భవనం గుమ్మం దగ్గర దిక్కుతోచని స్థితిలో ఆయన పోలీసులకు కనిపించారు. మరునాడే కన్నుమూశారు. ఆ సామ్రాజ్యం ఆయనను గుర్తుపట్టలేదు. నిజం చెప్పాలంటే మనమూ పట్టించుకోలేదు. ఆయన గ్రంథాన్ని అల్మారాలో భద్రపరిచి, ఆ మనిషిని వీధికి వదిలేశాము. ఆయన రాజకీయాన్ని నేను సమర్థించను. కానీ ఒక మనిషి అభిమానం తప్పు దారి పట్టినంత మాత్రాన అతని సేవ చెరిగిపోదు, అతని పట్ల మన బాధ్యతా తీరిపోదు.

హైదరాబాదు మరో పాఠం కూడా నేర్పింది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం వైద్యం, ఇంజనీరింగ్‌తో సహా ఉన్నత విద్యను ఉర్దూలో బోధించి, ఇంగ్లీషును తప్పనిసరి పాఠ్యాంశంగా ఉంచింది. అనువాద విభాగం వందలాది గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చింది. ఇంగ్లీషుకు తలుపు మూయకుండా సొంత భాషలో శాస్త్రం చెప్పవచ్చునని అది నిరూపించింది. అయితే సంస్థానంలో అధిక సంఖ్యాకులు తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడేవారు. వారి భాషలకు ఆ గౌరవం దక్కలేదు. మన భాషకు జరిగిన అన్యాయం గురించి మాట్లాడేటప్పుడు మన చేతుల్లో అధికారం ఉన్ననాటి ఈ లోపాన్నీ ఒప్పుకోవాలి. అప్పుడే మన మాటకు విలువ.

1962లో ఇరాన్ రచయిత జలాల్ ఆలె అహ్మద్ 'గర్బ్‌జదగీ' అన్న మాటకు విస్తృత ప్రచారం కల్పించాడు. పడమటి తాకిడికి గురైన స్థితి అని దాని భావం. గోధుమ కంకిని పురుగు లోపలి నుండి తినేస్తే పైకి పొట్టు మాత్రం నిలిచి ఉంటుంది. ఆ స్థితితో ఆయన తన సమాజాన్ని పోల్చాడు. ఈ హెచ్చరిక మనకు అవసరమే. సొంత భాషలో తల్లికి ఉత్తరం రాయలేక, దానిని గొప్పగా చెప్పుకునే యువకుడికి పట్టినది ఆ పురుగే. కానీ భాష నేర్చిన ప్రతి ఒక్కరిలోనూ పురుగు ఉందనుకోవడం మన భయం. మహాప్రవక్త (సల్లం) తన సహచరుడు జైద్ బిన్ సాబిత్‌ను యూదుల లిపి నేర్చుకోమని ఆదేశించారు. వారి ఉత్తరాలు చదవడానికి, జవాబులు రాయడానికి. వలీమా విందులో ఆ అమ్మాయి చేసినది అచ్చంగా ఆ పనే. మనుషుల భాషలలోని వైవిధ్యాన్ని అల్లాహ్ సూచనలలో ఒకటిగా పేర్కొన్న ఖుర్ఆనే, ఒకరినొకరు చెడ్డ బిరుదులతో పిలుచుకోవడాన్ని కూడా వారించింది.

2006లో సచార్ కమిటీ చెప్పిన దాని ప్రకారం మదర్సాలలో చదివే ముస్లిం పిల్లలు నూటికి ముగ్గురు నలుగురే. మిగిలినవారి భవిష్యత్తు సాధారణ బడులలోనే ఉంది. తెలంగాణలో రెండు వందలకు పైగా మైనారిటీ గురుకులాలు ఇంగ్లీషు మాధ్యమంలో నడుస్తున్నాయి. రాజ్యాంగంలోని 29వ అధికరణం మన భాషను, లిపిని కాపాడుకునే హక్కు ఇచ్చింది. 30వ అధికరణం మనకు నచ్చిన విద్యాసంస్థలను నెలకొల్పుకునే హక్కు ఇచ్చింది. ఈ రెండు హక్కులూ పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి వాడుకుంటే రెండవది పోతుందని రాజ్యాంగం ఎక్కడా చెప్పలేదు. ఆ షరతు మనం పెట్టుకున్నది.

కాబట్టి మసీదు కమిటీలకు, యువజన సంఘాలకు నాది ఒక చిన్న విన్నపం. జుమా నమాజు తరువాత మసీదు వరండాలో ఒక బల్ల వేయండి. ఇంగ్లీషు వచ్చిన మన పిల్లలను, ముఖ్యంగా ఆడపిల్లలను, అక్కడ కూర్చోబెట్టండి. బ్యాంకు నోటీసులు, కోర్టు కాగితాలు, పింఛను లేఖలు తెచ్చుకున్నవారికి వారు చదివి చెబుతారు. అదే బల్ల దగ్గర ఆదివారం నాడు పెద్దలు ఆ పిల్లలకు ఉర్దూ చదవడం, రాయడం నేర్పాలి. ఖర్చేమీ లేదు. వలీమా నాడు నవ్విన ఆ పెద్దమనిషికి ఉర్దూ చక్కగా వచ్చు. ఆయనను అడిగితే కాదనరని నా నమ్మకం.

ఆ పెద్దావిడ జవాబు గడువు తీరక ముందే కార్యాలయానికి చేరింది. పింఛను ఇంకా రాలేదు. వచ్చే నెల మరో ఇంగ్లీషు లేఖ రావచ్చు. అప్పుడు ఆ అమ్మాయి తల దించుకోకుండా చదవగలగాలి.